బీఎంఎస్ కనెక్టర్ గుచ్చే ముందు: 17 వైర్ల పరీక్ష

ప్రయోక్త: నమస్కారమండీ. ఇంటి ఇన్వర్టర్ కోసం 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ను సిరీస్‌లో కలిపి సొంతంగా బ్యాటరీ కట్టుకునేవారు, బీఎంఎస్‌కు, అంటే ఒక్కో సెల్ వోల్టేజిని గమనిస్తూ బ్యాటరీని కాపాడే బోర్డుకు, కనెక్టర్ గుచ్చే ముందు ఏం పరీక్షించుకోవాలన్నది ఈ రోజు విషయం. ప్యాక్ మొత్తం 52.8 వోల్టులు చూపిస్తే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టేనా?

అతిథి: కాదండీ. ఆ అంకె సెల్స్ సంగతే చెబుతుంది. ఒక్కో సెల్ 3.3 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు మొత్తం 46.2 మాత్రమే వచ్చిందంటే, ఒక సెల్ తిరగబడి ఉందని అనుమానించాలి. ఎందుకంటే అది తన 3.3ను కలపకపోగా ఇంకో సెల్ ఇచ్చిన 3.3ను కూడా తీసేస్తుంది. సెల్స్ నుంచి బీఎంఎస్ కనెక్టర్‌కు వెళ్లే సన్న వైర్లు రెండు తారుమారైతే మాత్రం మొత్తం వోల్టేజి చెక్కుచెదరదు.

ప్రయోక్త: మరి ఆ పొరపాటు ఎక్కడ బయటపడుతుంది?

అతిథి: కనెక్టర్ దగ్గరే. 16 సెల్స్‌కు 17 వైర్లు ఉంటాయి, మొదటిది ప్యాక్ నెగటివ్‌ది. వాటి రంగులను నేను నమ్మను. కనెక్టర్‌ను బీఎంఎస్‌కు పెట్టకుండానే, నల్ల ప్రోబ్‌ను ఒక పిన్నుకు, ఎర్ర ప్రోబ్‌ను దాని తరువాతి పిన్నుకు ఆనిస్తూ చివరిదాకా వెళితే, 16 సార్లూ 3.3కు అటూఇటూగా రావాలి. 5, 6 సెల్స్ పాజిటివ్ వైర్లు తారుమారయ్యాయనుకోండి, వరుసగా 6.6, మైనస్ 3.3, మళ్లీ 6.6 కనిపిస్తాయి. హడావిడిలో 3.3 అన్న అంకెను చూసి ముందున్న మైనస్‌ను వదిలేసేవారు ఉంటారు, కానీ ఆ తిరగబడిన వోల్టేజికే బీఎంఎస్ చిప్ కాలిపోవచ్చు.

ప్రయోక్త: అంత దగ్గర పిన్నుల మీద ప్రోబ్ జారితే ఏమవుతుందండీ?

అతిథి: సెల్ షార్టై, ఆ సన్న వైరు ఎర్రగా కాలి పైతొడుగు కరిగిపోతుంది. అందుకే సూదిమొన ప్రోబ్‌లు వాడాలి, ప్రతి వైరుకూ సెల్ దగ్గరే చిన్న ఫ్యూజు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎర్ర ప్రోబ్ వైరు మీటర్‌లోని 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోలేదని కూడా చూసుకోవాలి, అక్కడ ఉంటే మీటరే షార్ట్ చేసేస్తుంది. ఉంగరాలు, గడియారం ముందే తీసేయండి.

ప్రయోక్త: అన్నీ సరిగ్గా వస్తే కనెక్టర్ గుచ్చేయవచ్చా?

అతిథి: ప్రతి లగ్గునూ, అంటే సన్న వైరు చివర నట్టుతో సెల్‌కు బిగించే లోహపు రింగును, చేత్తో లాగి చూశాకే. మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓములు ఉంటుంది కాబట్టి, నట్టు వదులుగా ఉన్నా అది నిక్షేపంగా 3.3 చూపిస్తుంది. తరువాత బీఎంఎస్ బి-మైనస్ (బ్యాటరీ నెగటివ్) లావు వైరును ప్యాక్ నెగటివ్‌కు బిగించి, ఆపైన కనెక్టర్ పెట్టాలి. విప్పేటప్పుడు కనెక్టర్ ముందు రావాలి. మీ బీఎంఎస్ మాన్యువల్‌లో వేరే క్రమం ఉంటే దాన్నే పాటించండి. చివరగా, బీఎంఎస్ యాప్‌లోని సెల్ అంకెలను మీటర్‌తో పోల్చండి. బ్యాలెన్సింగ్, అంటే బీఎంఎస్ సెల్స్ వోల్టేజిలను సమం చేయడం, మొదలవగానే యాప్‌లో ఒక సెల్ అంకె పడిపోతూ, అదే సెల్ టెర్మినల్స్ మీద మీటర్ మాత్రం కదలకుండా ఉంటే, సెల్‌ను కాదు, దాని లగ్గును చూడండి.