కుక్క, పిల్లి బొచ్చు ఊడుతుంటే ఈ నూనె రాయొచ్చా? హెర్బల్ కిట్ రివ్యూ

అందరికీ నమస్కారం. బొచ్చు ఊడటానికి ఇంటి వైద్యం గురించి వీడియో చేయమని చాలామంది అడుగుతున్నారు. సరిగ్గా అదే టైంలో ఒక కంపెనీ వాళ్ళు ఈ కిట్ శాంపిల్‌గా పంపారు. రివ్యూకి డబ్బులేమీ తీసుకోలేదు. రేటు, సైజులు మీరు సైట్‌లో చూసే ఉంటారు, ఆ లెక్కలు వదిలేద్దాం. ఇందులో ఒక నూనె, ఒక స్నానం పొడి, ఒక దువ్వెన ఉన్నాయి. ముందు నూనె సంగతి, ఎందుకంటే నాకు కోపం వచ్చింది అక్కడే.

సీసా వెనక్కి తిప్పి చూపిస్తాను, చూడండి. కొబ్బరి నూనె, వేప నూనె, పసుపు, ఆ తర్వాత కర్పూరం. పైన పెద్ద అక్షరాలతో 'కుక్కలకు, పిల్లులకు' అని రాశారు. కొబ్బరి నూనెలో కర్పూరం వేసి కాచి తలకు రాయడం మన ఇళ్ళల్లో ఉన్నదే. అలవాటైన వాసన కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ కుక్కకీ పిల్లికీ కర్పూరం విషం. చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది, నాకితే ఇంకా ఎక్కువ పోతుంది. వాంతులు, వణుకు, ఫిట్స్ దాకా వెళ్తుంది. పిల్లి విషయంలో ఇంకా భయం. ఇలాంటి వాటిని విరగ్గొట్టి బయటికి పంపే శక్తి దాని లివర్‌కి బాగా తక్కువ. పైగా ఒంటికి ఏది రాసినా శుభ్రంగా నాకేస్తుంది. అంటే పిల్లికి రాశారంటే తాగించినట్టే. టీ ట్రీ ఆయిల్‌తో కూడా ఇదే ప్రమాదం. 'నేచురల్' అని రాసి ఉన్నంత మాత్రాన ఏ నూనె అయినా రాసేయకండి. ఈ సీసా మూత నేను వాసన చూడటానికి తీశానంతే, మా లాబ్రడార్ మీద ఒక్క చుక్క కూడా వేయలేదు.

ఇంకో మాట. మా వైపు, ఆటోనగర్ దగ్గర, వీధి కుక్కకి గజ్జి పడితే గ్యారేజీలో తీసేసిన నల్ల ఆయిల్ తెచ్చి పూస్తారు. జాలితోనే చేస్తారు, ఆ మనసు మంచిదే. కానీ అది చర్మాన్ని కాల్చేస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. దయచేసి ఎవరైనా పూస్తుంటే ఆపండి.

ఇప్పుడు ఈ దువ్వెన. కిట్ మొత్తంలో నాకు నచ్చింది ఇదొక్కటే, చాలా నచ్చింది. పళ్ళు ఇంత దగ్గరగా ఉన్నాయి చూడండి, మన పేల దువ్వెన లాగానే. తోక మొదలు దగ్గర, నడుము మీద నెమ్మదిగా దువ్వండి. వచ్చిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల టిష్యూ మీద దులపండి. ఒక నిమిషం ఆగితే నలుసు చుట్టూ ఎర్రటి గోధుమ రంగు మరక వ్యాపిస్తుంది. మట్టయితే అలా ఎర్రబడదు. అది ఫ్లీ అనే పురుగు తాగి విసర్జించిన రక్తం. పక్కింటి పిన్నిగారి పొమెరేనియన్‌కి ఇలాగే దువ్వి చూపించాను. ఎండలకు బొచ్చు రాలుతోందని ఆవిడ అనుకుంటున్నారు. టిష్యూ మీద మరకలు చూడగానే ఆశ్చర్యపోయారు. ఫ్లీకి అలర్జీ ఉన్న కుక్కకి ఒకటి రెండు కుట్టినా చాలు, నడుము మీద బొచ్చంతా కొరికేసుకుంటుంది. అక్కడ నూనె రాసి ఏం లాభం? పురుగు పోవాలి, పరుపులు, గుడ్డలు వేడి నీళ్ళలో ఉతకాలి.

బొచ్చు ఎక్కడ ఊడిందో కూడా చూడండి. చెవి అంచులు, మోచేతులు ఊడి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి పురుగు అయ్యుండొచ్చు, అది మనకీ దురద పుట్టిస్తుంది. చిన్న కుక్కపిల్లకి కళ్ళ చుట్టూ, మూతి దగ్గర మచ్చలుగా ఊడితే డెమోడెక్స్ అనే ఇంకో రకం చర్మపు పురుగు కావచ్చు, అది మనకు అంటదు. గుండ్రటి మచ్చ, చుట్టూ పొట్టు ఉంటే తామర అనుమానించాలి. అది పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ అంటుకుంటుంది. దురద లేకుండా రెండు పక్కలా సమానంగా ఊడుతూ, కుక్క లావెక్కుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. పిల్లి పొట్ట మీద నున్నగా అయిపోతే అది నాకి నాకి ఊడగొట్టుకుంటోందన్నమాట. దానికి అలర్జీ, నొప్పి, టెన్షన్, ఏదైనా కారణం కావచ్చు.

ఇవన్నీ కంటితో తేలవు. డాక్టర్ బ్లేడుతో చర్మాన్ని కొంచెం నెత్తురు చెమర్చేదాకా గీకి, మైక్రోస్కోప్ కింద చూస్తారు. చూడ్డానికి మనకే బాధగా ఉంటుంది కానీ నిమిషాల్లో అయిపోతుంది. దగ్గర్లో మంచి పశువుల డాక్టర్ లేకపోతే, మా వైపు వాళ్ళకి విజయవాడ దగ్గర గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉండనే ఉంది.

స్నానం పొడి ఓట్స్‌తో చేసింది, బాగానే ఉంది. దురద నిజంగానే తగ్గుతుంది. కానీ ఇది మీ వంటింట్లోనే అవుతుంది. ఏమీ కలపని ఓట్స్ మిక్సీలో మెత్తగా పట్టి, చల్లటి నీళ్ళలో కలిపితే పాల లాగా అవ్వాలి. పది నిమిషాలు ఒంటి మీద ఉంచి కడిగేయండి. వేడి నీళ్ళు వద్దు, మన షాంపూ అసలే వద్దు. మన చర్మం ఆమ్లం వైపు ఉంటుంది, కుక్క చర్మం అలా ఉండదు. పొడి చర్మానికి ఉత్త కొబ్బరి నూనె కొంచెం రాయొచ్చు, ఎక్కువ నాకితే విరేచనాలవుతాయి. చేప నూనె మంచిదే, డాక్టర్ని అడిగి మోతాదు తెలుసుకోండి. ఫలితం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. వెల్లుల్లి మాత్రం ఏ రూపంలోనూ పెట్టకండి, వాటి రక్తాన్ని పాడుచేస్తుంది.

నా మాట ఇదీ: కిట్ కొనొద్దు. దువ్వెన విడిగా దొరికితే కొనుక్కోండి, లేదంటే కొత్త పేల దువ్వెన ఒకటి దాని కోసమే పెట్టుకోండి. కంపెనీ వాళ్ళకి లేబుల్ ఫొటో పెట్టి మెయిల్ రాశాను, కర్పూరం తీసేయమని, లేదా కనీసం పిల్లి బొమ్మ అయినా తీసేయమని. ఇంట్లో ఇప్పటికే కర్పూరం కలిపిన నూనె రాసి ఉంటే, పిల్లి నాకకుండా పట్టుకుని కొంచెం డిష్ వాష్ లిక్విడ్‌తో కడిగి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. సీసా చేతిలోనే ఉంచుకోండి, అందులో ఏముందని ఆయన అడుగుతారు.