పేరు గొప్ప, చారు చప్ప

నమస్కారమండీ. 2023 జులై నెల గుర్తుందా మీకు? మదనపల్లె మార్కెట్లోనే మొదటి రకం టమాటా కిలో దాదాపు 200 రూపాయలు పలికిన నెల. హైదరాబాద్‌లో మా వీధికి వచ్చే కూరగాయల బండి ఆయన మిగతావన్నీ బండి మీద పరిచి, టమాటాలు మాత్రం తన కాళ్ళ దగ్గర బుట్టలో పెట్టుకుని, అడిగినవాళ్ళకే తీసి చూపించేవాడు, బంగారం కొట్లో లాగా. సరిగ్గా ఆ నెలలోనే మా అపార్ట్‌మెంట్‌లో 7 ఇళ్ళవాళ్ళం మిద్దె మీదికి మట్టి మోశాం. మొక్కలు కాపుకొచ్చేసరికి దసరా దాటింది, ధర నేలకు దిగింది, మా ఖర్చు లెక్క ఎవరూ అడక్కపోవడమే మంచిదైంది.

సరే, డబ్బు సంగతి వదిలేయండి. నా గొడవ కాయతో. అందరూ ఆహా ఓహో అన్న రకం తెచ్చి, నీళ్ళు పోసి, వేపపిండి వేసి, కర్రలు కట్టి, మూడు నెలలు పసిబిడ్డలా చూసుకున్నాక, కోసి చారు పెడితే అందులో టమాటా ఉన్నట్టే తెలియకపోతే ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ బాధ పడ్డవాళ్ళ కోసమే ఈ మాటలు.

అప్పుడు మేమందరం కొన్నది అర్క రక్షక్. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన హైబ్రిడ్. ఒక్క మొక్కకి 19 కిలోలు కాసిందని వార్తలొచ్చాయి కదా, నేను వెంటనే లెక్క వేసేశాను, 10 మొక్కలు, 190 కిలోలు, ఇందులో అక్కవాళ్ళకి ఎంత పంపాలి, పచ్చడి ఎంత పెట్టాలి అని. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, నా 10 మొక్కలూ కలిపి కాసింది 14 కిలోలు.

తప్పు విత్తనానిది అనను. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా వల్ల వచ్చే వడలు తెగులు, ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకునేలా దాన్ని తయారుచేశారు, నా మొక్కల్లో ఆకుముడత నిజంగానే కనిపించలేదు. కాకపోతే ఆ 19 కిలోలు కాసిన మొక్క పొలంలో పెరిగింది, ఎంతో శ్రద్ధగా ఎరువూ నీళ్ళూ అందుకుంటూ, వేళ్ళు ఎంత దూరం పోతే అంత దూరం పోతూ. నాదేమో 12 అంగుళాల సంచిలో, సగం కొబ్బరి పొట్టులో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పొలంలో ఎద్దును తెచ్చి బాల్కనీలో కట్టేసి, ఏమిటిది దున్నడం లేదు అన్నట్టుంది నా వ్యవహారం. ఇప్పుడు తెలిసింది, అలాంటి మొక్కకి ఇంకా పెద్ద తొట్టి కావాలని.

ఇక చారు. నేను చారుకి టమాటాలు ఉడికించి చేత్తో పిసుకుతాను, మిక్సీ వేయను, మా అత్తగారి పద్ధతి. ఆవిడ కోనసీమ మనిషి, చివరిదాకా రామములక్కాయలనే అన్నారు, టమాటా అనలేదు. ఆ రోజు కాయలు నాలుగు గిన్నెలో వేసి ఉడికిస్తే, పావుగంటకి కూడా ముక్క ముక్కగానే ఉన్నాయి. పిసికితే వేళ్ళ మధ్య నుంచి జారిపోతున్నాయి తప్ప నలగవు. తొక్క చుట్ట చుట్టుకుని, అగరుబత్తి పొట్లం కాగితంలాగా, చారు మీద తేలింది. రంగు చూస్తే ఎర్రగా భలే ఉంది. మా ఆయన ఒక గుక్క తాగి, "చింతపండు వెయ్యడం మర్చిపోయావా" అన్నారు. మూడు నెలల కష్టం, ఒక్క మాట!

తర్వాత నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. ఆ గట్టిదనమే దాని గొప్ప. మదనపల్లెలో తెల్లవారుజామున లారీ ఎక్కిన కాయ ట్రేల్లో ఒకదాని మీద ఒకటి పడి, ఎండలో, గతుకుల్లో వేల కాయల బరువు మోసి, హైదరాబాదో చెన్నైయో చేరి, అక్కడ బండి మీద ఇంకో మూడు రోజులు నవనవలాడుతూ కనిపించాలంటే, కండ మందంగా, తొక్క గట్టిగా, లోపల రసం తక్కువగా ఉండాలి. రైతుకి అది ప్రాణం. నా టమాటాకి ప్రయాణం ఎంత? మిద్దె మీద నుంచి వంటింటిదాకా, 22 మెట్లు.

దీంట్లో ఇంకో విషయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పాతకాలం నాటు టమాటా పచ్చిగా ఉన్నప్పుడు చూశారా, తొడిమ చుట్టూ ముదురు పచ్చ రంగు, కింద లేత పచ్చ. పండాక కూడా కొన్నిటికి ఆ భుజాలు పచ్చగానో పసుపుగానో మిగిలిపోతాయి. మార్కెట్టుకి అది నచ్చదు, కాయంతా ఒకే రంగులో, ఒకేసారి ఎర్రబడాలి. అందుకని దాదాపు 70 ఏళ్ళుగా ప్రపంచమంతా ఆ భుజాలు లేని రకాలనే ఏరి ఏరి పెంచుకుంటూ వచ్చారు. 2012లో శాస్త్రవేత్తలు బయటపెట్టిందేమిటంటే, ఆ ముదురు పచ్చ భుజాన్ని ఇచ్చే జన్యువే కాయలో పత్రహరితాన్ని పెంచుతుందట, దాంతో కాయ తన చక్కెర కొంత తనే తయారుచేసుకుంటుందట. అందం కోసం భుజాలు తీసేస్తూ, తెలియకుండానే తీపిని కూడా కొంత తీసేశారన్నమాట.

ఈ సంగతి తెలిశాక పీకేఎం వన్ అనే రకం వెతుక్కున్నాను. తమిళనాడులోని పెరియకుళంలో తయారైంది, అక్కడి అన్నంజి అనే నాటు రకం నుంచి తీశారు. బల్లపరుపు కాయ, పచ్చ భుజాలు, మొక్క పొట్టిగా గుబురుగా ఉంటుంది కాబట్టి పెద్ద పెద్ద కర్రలు అక్కర్లేదు. పక్కింటి పిన్నిగారికి ఇస్తే, "ఇంకా పండలేదు కదమ్మా" అని రెండు రోజులు కిటికీలో పెట్టి, మెత్తబడ్డాక పారేశారు. నేను మాత్రం చారు పెట్టాను. చేత్తో నొక్కగానే చితికిపోయింది, గింజల చుట్టూ ఉండే ఆ జిగురు రసమంతా గిన్నెలోకి దిగింది. మన నాలుకకి కావలసిన పులుపు చాలావరకు ఆ రసంలోనే ఉంటుంది. చింతపండు సగానికి సగం తగ్గించాను. అలాగని ఇది దేవతా వృక్షమేం కాదు, కోసిన మూడో రోజుకి మెత్తబడుతుంది, వాన పడితే కాయ పగులుతుంది.

పూసా రూబీ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే విత్తనాల కొట్లో టమాటా అంటే ముందు చేతికొచ్చే ప్యాకెట్లలో అదొకటి. ఢిల్లీ పూసా సంస్థ రకం, పాతది, త్వరగా కాస్తుంది, పుల్లగా బాగుంటుంది. కానీ ఆకుముడత వైరస్‌ని మోసుకొచ్చే తెల్లదోమ ఉన్నచోట పెట్టారా, అయిపోయింది. ఆకులు పైకి ముడుచుకుని, మొక్క గిడసబారి, పూత వచ్చినా నిలవదు. ఆకుముడత మీద పరిశోధన చేసేవాళ్ళు ఏ రకం తట్టుకుంటుందో చూడ్డానికి, తప్పకుండా తెగులు పట్టే రకంగా పక్కన నాటేది తరచుగా ఈ పూసా రూబీనే, ఇక మీరే ఆలోచించుకోండి. మా కింద ఇంటి ఆయన అది నాటి, మొదటి ముడతకే టెన్షన్ పడిపోయి వేపనూనె, సబ్బు నీళ్ళు, పుల్లమజ్జిగ అన్నీ కొట్టారు. పురుగుని ఆపగలరు గానీ, వైరస్ ఒకసారి మొక్కలోకి వెళ్ళాక మజ్జిగతో బయటికి రాదండీ. పీకేసి అవతల పారేయడమే.

పోయినేడు శాన్ మర్జానో పిచ్చి పట్టింది నాకు. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గరి నేలల్లో పండే పొడుగు టమాటా, సాస్‌కి పేరు మోసింది. కండ ఎక్కువ, నీరు తక్కువ కాబట్టి మన నిల్వ పచ్చడికి ఇంతకంటే ఏం కావాలి, ఎండబెట్టే బాధ సగం తగ్గుతుంది అనుకున్నాను. మొదటి గుత్తిలో 6 కాయలు, 6 కాయలకీ అడుగు నల్లగా, తోలు అంటించినట్టు కుళ్ళింది. అందరూ కోడిగుడ్డు పెంకులు వేయమన్నారు, కాల్షియం లోపమట. లోపం కాయలో నిజమే, మట్టిలో కాదు. నీళ్ళు ఒకరోజు పోసి రెండు రోజులు మానేస్తే, మట్టిలో ఉన్న కాల్షియం కూడా కాయ చివరిదాకా చేరదు, అందులోనూ ఇలాంటి పొడుగు కాయలకి ఈ జబ్బు ఎక్కువ. మేం మూడు రోజులు తిరుపతి వెళ్ళొచ్చాం, అదీ కథ. పెంకులు కరగడానికి నెలల తరబడి పడుతుంది, అప్పటిదాకా ఆగే ఓపిక ఏ కాయకీ ఉండదు. నీళ్ళు సరిచేశాక మంచి కాయలు కొన్ని వచ్చాయి, పచ్చడి కూడా పెట్టాను, కానీ పులుపు చాలలేదు, కాస్త తియ్యగా, హోటల్ వాళ్ళ చట్నీలా ఉంది.

ఇదంతా మనకే అనుకోకండి. మా ఆడపడుచు కూతురు డాలస్‌లో ఉంటుంది. అక్కడ బ్రాండీవైన్ అనే టమాటాకి ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 1889లోనే ఫిలడెల్ఫియా విత్తనాల కంపెనీ కేటలాగ్‌లో ఎక్కిన పేరు అది. ఇప్పుడు జనం వెంటపడే గులాబీ రంగు రకం ఒక్కో కాయ అరకిలో దాకా తూగుతుంది, రుచి అద్భుతమంటారు. ఈ అమ్మాయి మార్చిలో చలి పోగానే 4 మొక్కలు పెట్టింది. అది తాపీ రకం, నాటాక మొదటి పండుకే మూడు నెలలు పడుతుంది. జూన్ వచ్చేసరికి పూతంతా టపటపా రాలిపోయింది. ఫోన్‌లో ఏడుపు ఒక్కటే తక్కువ, "అత్తా, 4 మొక్కలకి 3 కాయలు, అందులో ఒకటి ఉడుత కొరికింది" అని.

రాత్రి వేడి ఎంతుంది అని అడిగాను. ఎందుకంటే టమాటాకి పగటి ఎండకన్నా రాత్రి ఉక్క పెద్ద శత్రువు. రాత్రిపూట 21, 22 డిగ్రీల కంటే కిందికి దిగకపోతే పుప్పొడి సరిగా పనిచేయదు, పువ్వు కాయ కట్టకుండానే రాలుతుంది, పెద్ద కాయల రకాలకి ఇది మరీ ఎక్కువ. డాలస్ వేసవి మన రామగుండం వేసవికి చెల్లెలు. ఇక్కడా అంతే, ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద మొక్క నిండా పూత, కాయలు మాత్రం సున్నా. ఒకటీ అరా నిలిచినా 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎరుపు రంగు సరిగా రాదు, నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. మరి మే నెలలో మనం తినే టమాటా ఎక్కడిదంటారా, చాలావరకు మదనపల్లె వైపుదే, ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్ళు చల్లబడుతుంది. ఎత్తు లేని మనం కాలాన్ని పట్టుకోవాలి. నేను ఆగస్టు చివర్లో నారు పోసి సెప్టెంబరు చివరికి నాటుతున్నాను, కాపంతా చలికాలంలో పడుతుంది.

చెర్రీ టమాటా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఎండకి ఓర్చుకుంటుంది, విరగకాస్తుంది, పిల్లలు మొక్క దగ్గరే నిలబడి తినేస్తారు. పప్పులోకి మాత్రం కొయ్యాలంటే 60 కాయలు కొయ్యాలి, ప్రతిదానికీ ఒక తొక్క!

నేను చేసిన ఇంకో తెలివితక్కువ పని కూడా చెప్తే మీకు పనికొస్తుంది. మొదటి ఏడు హైబ్రిడ్ కాయల్లోంచి విత్తనం తీసి మరుసటి ఏడు నాటాను. పది మొక్కలు పది రకాలుగా వచ్చాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకదానికి గోలీలంత కాయలు. హైబ్రిడ్ విత్తనం అంతే, తల్లి పోలిక పిల్లకి ఉంటుందన్న నమ్మకం లేదు. పీకేఎం వన్, పూసా రూబీ లాంటివి హైబ్రిడ్లు కావు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. బాగా పండిన కాయని గ్లాసులోకి పిండి, రెండు రోజులు అలాగే పులవనిచ్చి, పైన నురగ తేలాక కడిగితే గింజ చుట్టూ జిగురు పోతుంది. దాన్ని స్టీలు పళ్ళెంలో నీడన ఆరబెట్టాలి, కాగితం మీద పోస్తే అంటుకుపోతుంది.

మొన్న అలాగే ఒక పళ్ళెం నిండా ఆరబెట్టి మంచం మీద పెట్టాను. పేలపిండిలా భలే ఆరాయి. మా ఆయన బయటి నుంచి వచ్చి, ఉక్కపోస్తోందని ఫ్యాను అయిదు మీద పెట్టారు. ఈ ప్రసంగం రాస్తున్నప్పుడు కూడా మంచం కింద ఒక గింజ దొరికింది.