పది రోజులు, రెండు లోడ్లు గడ్డి: ఫోర్డ్ 7.3 గ్యాస్ ఇంజన్ మీద నా మాట

నమస్కారమండీ. వెనకాల మేకల అరుపులు వినపడుతుంటాయి, ఇది వాటి మేత వేళ. కెమెరా నేరుగా ఫామ్ దగ్గరే పెట్టేశాను.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. ఈ ఫోర్డ్ ఎఫ్-350 ట్రక్కుని ఇక్కడి డీలర్ ఒకరు పది రోజులు వాడి చూడమని ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, పెట్రోలు నేనే పోయించుకున్నాను. ఇండియా నుంచి చూస్తున్నవాళ్ళకి చిన్న మాట: అమెరికాలో గ్యాస్ ఇంజన్ అంటే పెట్రోలు ఇంజనే.

స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చూసే ఉంటారు. 7.3 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లు, 430 హార్స్‌పవర్, పది గేర్ల ఆటోమేటిక్. గాడ్జిల్లా అని ముద్దుపేరు. సీట్లు, స్క్రీన్ బాగున్నాయి, వాటి జోలికి నేను పోను. ఎందుకంటే మీరు నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, డాలస్ పైన నాలుగెకరాలు కొన్నాం. ట్రాక్టరు, ట్రైలరు లాగాలి. ఏ ఇంజన్ తీసుకుంటే పదిహేనేళ్ళు టెన్షన్ లేకుండా ఉంటుంది?"

బానెట్ ఎత్తుతున్నాను, ఇటు రండి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఈ వీడియో చేస్తున్నదే దీనికోసం. ఈ స్పార్క్ ప్లగ్గులు చూడండి. హెడ్ పక్కన, అంటే సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం పక్కన, బయటికే ఉన్నాయి. ఇది పుష్‌రాడ్ ఇంజన్. వాల్వుల్ని ఆడించే ఇరుసు, అంటే కామ్‌షాఫ్ట్, హెడ్ మీద కాకుండా ఇంజన్ బ్లాక్ మధ్యలో ఉంటుంది; కడ్డీలతో పైనున్న వాల్వుల్ని నెడుతుంది. అందుకే హెడ్ మీద బరువూ లేదు, ఇరుకూ లేదు. ఇంతకుముందు నా దగ్గర ఒక పాత పెట్రోలు ట్రక్కు ఉండేది, కంపెనీ పేరు వద్దులెండి. దాని ప్లగ్గులు లోతైన గొట్టాల అడుగున ఉండేవి. మార్చబోతే రెండు ప్లగ్గులు సగానికి విరిగి లోపలే ఉండిపోయాయి. ఎనిమిది ప్లగ్గులు మార్చడానికి రెండు రోజుల పని, పైగా దానికోసం స్పెషల్ టూల్ కూడా కొనాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఏ బండి చూసినా ముందు నా కళ్ళు ప్లగ్గుల మీదికే పోతాయి.

రెండోది, పెట్రోలు ఎక్కడ చిమ్ముతుందనేది. ఇందులో ఇన్‌టేక్ పోర్టులో, అంటే సిలిండర్‌లోకి గాలి వెళ్ళే దారిలో చిమ్ముతుంది. అంటే ఇన్‌టేక్ వాల్వు వెనక భాగాన్ని పెట్రోలు కడుగుతూనే ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కాబట్టి వాల్వు మీద పెట్రోలు పడదు. ఆయిల్ ఆవిరి వచ్చి అక్కడే మసిగా పేరుకుంటుంది. హై ప్రెజర్ పంపు ఒకటి అదనం. లేని భాగం చెడిపోదు కదా.

మాది బాపట్ల వైపు, కాలవ చివరి భూములు. నీళ్ళు అందనప్పుడు డ్రైన్ నుంచి ఆయిల్ ఇంజన్‌తో తోడేవాళ్ళం. అది మొరాయిస్తే నాన్న గట్టు మీదే కూర్చుని నాజిల్ ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించేవారు. అరగంటలో నీళ్ళు పడేవి. నమ్మకమైన ఇంజన్ అంటే నాకు ఇప్పటికీ అదే. చెడిపోతే ఎక్కడ చెడిందో మనకి కనపడాలి, చెయ్యి అక్కడిదాకా పోవాలి. ఈ 7.3 పోత ఇనుము బ్లాక్, గాలిని బలంగా లోపలికి నెట్టే టర్బో లేదు, నడుస్తుండగా సగం సిలిండర్లు ఆపేసే సిస్టమ్ కూడా లేదు.

ఇక లోడు సంగతి. ఒక్లహామా నుంచి రెండుసార్లు గడ్డి చుట్టలు తెచ్చాను. ట్రైలరుతో కలిపి దాదాపు 11 వేల పౌండ్లు. ఐ-35 మీద డేవిస్ దగ్గర అర్బకిల్ కొండలు వస్తాయి. అటు వెళ్ళినవాళ్ళకి ఆ ఎత్తు తెలుసు. బయట 103 డిగ్రీల ఫారెన్‌హీట్, ఏసీ ఫుల్‌లో ఉంది. రెండు మూడు గేర్లు దించుకుని 4,200 ఆర్‌పీఎమ్ మీద ఎక్కింది. టెంపరేచర్ ముల్లు కదల్లేదు. శబ్దం మాత్రం గట్టిగానే ఉంటుంది. డీజిల్ అలవాటైనవాళ్ళు అది విని కంగారుపడతారు. అక్కర్లేదండీ, దీని టార్క్ అంతా 4,000 దగ్గరే ఉంటుంది. అక్కడ తిరగడానికే దీన్ని చేశారు.

"డీజిల్ ఎందుకు వద్దు?" అని కామెంట్ పెడతారు, తెలుసు. రెండేళ్ళు నేను డీజిల్ వాడాను. నాది రోజుకి ఆరేడు మైళ్ళ తిరుగుడు. ఫీడ్ స్టోర్, ఇల్లు, ఫామ్. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేస్తాం. పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను కాల్చుకుని శుభ్రం చేసుకునే టైమే దొరకదు. ఒక ఆగస్టు మధ్యాహ్నం ట్రైలరులో తొమ్మిది మేకలతో వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే పవర్ మొత్తం పడిపోయింది. గ్యాస్ స్టేషన్‌లో బకెట్ అడిగి మేకలకి నీళ్ళు పెట్టాను. ఆ రెండు గంటలు నేను మర్చిపోలేను. కొత్త ట్రక్కులో డీజిల్ కావాలంటే దాదాపు 10 వేల డాలర్లు ఎక్కువ. నాలుగెకరాల మనిషికి ఆ డబ్బుతో కంచె పడుతుంది. కొలరాడోలో ఉంటూ వారం వారం 15 వేల పౌండ్లు లాగేవాళ్ళయితే మాత్రం డీజిలే తీసుకోండి. టర్బో లేని ఇంజన్‌కి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం పవర్ పోతుంది.

మిగతా రెండు కంపెనీల పెట్రోలు ఇంజన్ల గురించి త్వరగా చెప్పేస్తాను. జీఎమ్ 6.6 కూడా ఇనప బ్లాకే, గట్టి ఇంజన్. 2024 మోడల్ నుంచి పది గేర్లు వచ్చాక ఇంకా బాగుంది. కానీ డైరెక్ట్ ఇంజెక్షన్. రామ్ 6.4 హెమీ శబ్దం నాకు చాలా ఇష్టం. పదహారు ప్లగ్గులు, పైగా తేలిక లోడులో నాలుగు సిలిండర్లు ఆపేసే సిస్టమ్. అక్కడే నా మనసు వెనక్కి తగ్గింది.

7.3లో లోపాల్లేవా? ఉన్నాయి. గాలన్‌కి ఖాళీగా 13, లోడుతో 8 మైళ్ళే ఇచ్చింది నాకు. కామ్‌షాఫ్ట్, దాని మీద ఆనుకుని కడ్డీల్ని ఎత్తే లిఫ్టర్లు అరిగిపోయిన కేసులు కూడా ఓనర్ల దగ్గర వచ్చాయి. కాబట్టి ఏసీ కోసం గంటలు గంటలు ఇంజన్ ఆన్‌లో వదిలేయకండి. ఆయిల్ మార్చమని డ్యాష్‌బోర్డు చెప్పేదాకా చూడకుండా 5,000 మైళ్ళకే మార్చేయండి. వాడిన ట్రక్కు కొనేవాళ్ళు మైళ్ళతో పాటు డ్యాష్‌బోర్డులో ఐడిల్ గంటలు, అంటే బండి కదలకుండా ఇంజన్ తిరిగిన గంటలు, తప్పకుండా చూడండి. కాంట్రాక్టర్ల దగ్గర తిరిగిన బండి 60 వేల మైళ్ళే చూపిస్తుంది, కానీ ఇంజన్ అంతకు రెండింతలు పని చేసి ఉంటుంది.

సోమవారం ఈ బండి తాళాలు తిరిగి ఇచ్చేస్తున్నాను. నా డబ్బుతో ఇదే ఆర్డర్ పెట్టాను: 7.3, లోడు లాగడానికి 4.30 యాక్సిల్, వెనక సామాన్లకి 8 అడుగుల బెడ్. నిన్న నాన్నకి వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ప్లగ్గులు ఎక్కడున్నాయిరా?"