ఒక వరుస అంటే ఏమిటి? డేటా వేర్‌హౌస్ ఇంటర్వ్యూలో మొదట చెప్పవలసిన మాట

నమస్కారం. డేటా ఇంజినీరింగ్ ఇంటర్వ్యూలలో నేను కొన్నేళ్లుగా ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటున్నాను. డేటా వేర్‌హౌస్ అంటే వ్యాపారం లెక్కలన్నీ రిపోర్టుల కోసం ఒకచోట చేర్చి ఉంచే డేటాబేస్. "ఫలానా వ్యాపారానికి డేటా వేర్‌హౌస్ డిజైన్ చేయండి" అని అడగగానే చాలామంది అభ్యర్థులు బోర్డు మధ్యలో ఒక పెట్టె గీస్తారు, దాని మీద ఫ్యాక్ట్ (జరిగిన లావాదేవీల కొలతలు ఉండే టేబుల్) అని రాస్తారు, చుట్టూ నాలుగు పెట్టెలు గీసి గీతలు కలిపి, ఇది స్టార్ స్కీమా అంటారు. ఆ వెంటనే ఏ క్లౌడ్ వాడతారో, డేటా పనులను వేళకు నడిపే ఎయిర్‌ఫ్లోతో ఎలా నడుపుతారో వివరించడం మొదలుపెడతారు. "మధ్య పెట్టెలో ఒక వరుస దేనికి గుర్తు?" అని నేను అడిగితే మాత్రం ఆగిపోతారు. వారికి తెలివి లేక కాదు. స్టార్‌కూ స్నోఫ్లేక్‌కూ తేడా, టైప్ 1కూ టైప్ 2కూ తేడా వంటి ప్రశ్నలకు జవాబులు వల్లె వేయడమే సిద్ధపడటం అన్న అపోహ అమీర్‌పేట నోట్సుల నుంచి ఆన్‌లైన్ కోర్సుల దాకా పాకిపోయింది. కష్టపడి చదివిన పిల్లలు ఆ ఒక్క ప్రశ్న దగ్గర వెనుదిరగడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, అందుకే ఈ వీడియో చేస్తున్నాను.

డైమెన్షన్ అంటే తేదీ, రూటు, స్టేజి వంటి వివరాలు ఉండే టేబుల్, ఈటీఎల్ అంటే డేటాను తెచ్చి, మార్చి, వేర్‌హౌస్‌లో లోడ్ చేయడం. ఇంతకంటే వాటి లోతుకు నేను వెళ్లను. నేరుగా సమస్యలోకి వెళదాం. ఇది నేను ఇంటర్వ్యూలలో ఇచ్చే ఊహా సమస్య: ఆర్టీసీ టికెట్ల అమ్మకాలకు వేర్‌హౌస్ డిజైన్ చేయాలి.

[తెర మీద: ఒక బస్సు టికెట్, పెద్దగా]

ఉప్పల్‌లో హనుమకొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కారనుకోండి. మీరు, మీ భర్త లేదా తమ్ముడు, వెంట ఒక చిన్న పిల్లవాడు. కండక్టర్ యంత్రం మీద నాలుగు మీటలు నొక్కగానే ఒకే ఒక చీటీ బయటికి వస్తుంది. దాని మీద డిపో, టికెట్ నంబరు, తేదీ, సమయం, ఎక్కిన స్టేజి, దిగే స్టేజి, పెద్దలు ఇద్దరు, పిల్లలు ఒకరు, మొత్తం సొమ్ము ఉంటాయి. లెక్క సులువుగా ఉండటానికి పెద్దలకు తలకు 100 రూపాయలు, పిల్లవాడికి 50 అనుకుందాం, మొత్తం 250. మహిళలకు ఉచితం కదా అని తెలంగాణ వారికి వెంటనే తోస్తుంది. ఆ సంగతికి కొద్దిసేపట్లో వస్తాను, ప్రస్తుతానికి ఇద్దరూ డబ్బు ఇచ్చారనే అనుకోండి.

ఈ చీటీ మీ ఫ్యాక్ట్ టేబుల్‌లోకి వచ్చినప్పుడు ఎన్ని వరుసలు అవుతుంది? డిజైన్ మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడుతుంది. దీన్నే గ్రెయిన్ అంటారు. మన పాత లెక్కల భాషలో చెప్పాలంటే, పుస్తకంలో ఒక పద్దు అంటే ఏమిటో తేల్చుకోవడం. చిట్టా రాసే గుమాస్తా కలం పట్టుకునే ముందే ఆ సంగతి తేల్చుకునేవాడు.

చీటీకి ఒక వరుస అంటే 250 రూపాయలు సరిగ్గానే పడతాయి, కానీ పిల్లల టికెట్ల మీద ఎంత వచ్చిందని అడిగితే చెప్పలేరు. ప్రయాణికుడికి ఒక వరుస అంటే మూడు వరుసలు వస్తాయి, అప్పుడు చీటీ మీది మొత్తాన్ని అలాగే దించేస్తే 250 మూడుసార్లు పడి 750 అవుతుంది. ఇంటర్వ్యూలో కాదు, నిజమైన ప్రాజెక్టులోనే నేను ఈ తప్పు చూశాను. నెలాఖరు రిపోర్టులో ఆదాయం ఎందుకు పెరిగిందో అర్థం కాక ఒక బృందం మొత్తం రెండు రోజులు వెతికింది. ఇక ట్రిప్పుకు ఒక వరుస అంటే, అంటే ఉప్పల్ నుంచి హనుమకొండ దాకా బస్సు ఒకసారి వెళితే ఒక పద్దు అంటే, టేబుల్ చాలా చిన్నదవుతుంది, కానీ జనగామలో ఎంతమంది దిగారన్న ప్రశ్నకు ఇక ఎప్పటికీ జవాబు దొరకదు. ఒకసారి కలిపేసిన పద్దును మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

డైమెన్షనల్ మోడలింగ్‌కు పేరు తెచ్చిన రాల్ఫ్ కింబాల్ డిజైన్‌కు నాలుగు మెట్లు చెప్పారు: ఏ వ్యాపార ప్రక్రియ, ఏ గ్రెయిన్, ఏ డైమెన్షన్లు, ఏ కొలతలు. అభ్యర్థులలో చాలామంది మూడో మెట్టు నుంచి మొదలుపెడతారు. మీరు మాత్రం బోర్డు మీద పెట్టె గీయకముందే ఈ వాక్యం చెప్పండి.

[తెర మీద: ఈ కింది వాక్యం]

"ఈ ఫ్యాక్ట్ టేబుల్‌లో ఒక వరుస అంటే, ఒక ట్రిప్పులో ఇచ్చిన ఒక టికెట్ మీద, ఒక రకం ప్రయాణికులకు సంబంధించిన పద్దు."

ఈ లెక్కన మన చీటీ రెండు వరుసలు అవుతుంది. పెద్దలు, సంఖ్య 2, సొమ్ము 200. పిల్లలు, సంఖ్య 1, సొమ్ము 50. కూడితే 250 వస్తుంది, విడదీస్తే పిల్లల వాటా తెలుస్తుంది. మరి టికెట్ నంబరు ఎక్కడ ఉంచాలి? దానికి వేరే డైమెన్షన్ టేబుల్ అక్కర్లేదు, ఫ్యాక్ట్‌లోనే ఒక కాలమ్‌గా ఉంచాలి. దీన్ని డీజెనరేట్ డైమెన్షన్ అంటారు. ఎన్ని టికెట్లు అమ్మారో తెలియాలంటే వరుసలను లెక్కపెట్టకూడదు, వేర్వేరు టికెట్ నంబర్లను లెక్కపెట్టాలి. ఈ ఒక్క మాట మీ అంతట మీరే చెబితే, ఎదుట కూర్చున్నవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు ఉచిత ప్రయాణం సంగతి. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణించే మహిళలకు కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. "మీ డిజైన్‌లో దీన్ని ఎక్కడ ఇముడుస్తారు?" అన్నది నా రెండో ప్రశ్న. ఎక్కువమంది ఉచిత టికెట్లకు వేరే ఫ్యాక్ట్ టేబుల్ పెడతామంటారు. నేను దానికి ఒప్పుకోను. ప్రక్రియ అదే, యంత్రం అదే, పద్దు అదే. ప్రయాణికుల రకాన్ని తెలిపే డైమెన్షన్‌లో ఒక కొత్త వరుస చేరిస్తే చాలు. గ్రెయిన్ సరిగ్గా ఎంచుకున్నవారికి దక్కే ఫలితం ఇదే: ప్రభుత్వం పథకం మార్చినా ఫ్యాక్ట్ టేబుల్ రూపం మారదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. వసూలైన సొమ్ము అనే ఒక్క కాలమే ఉంటే జీరో టికెట్ దగ్గర సున్నా పడుతుంది, అది నిజమే. కానీ ఆ ప్రయాణం విలువ ఎంతో తెలియకపోతే ప్రభుత్వం నుంచి రావలసిన మొత్తాన్ని ఎలా లెక్కకడతారు? కాబట్టి వసూలైన సొమ్ము, ఆ ప్రయాణానికి వర్తించే చార్జీ అని రెండు కొలతలు ఉండాలి. డిసెంబరు 9కి ముందు వరుసలలోనూ ఈ రెండూ ఉండాలి, లేకపోతే పథకానికి ముందూ తర్వాతా పోల్చి చూడటం కుదరదు.

కొలతల మాట వచ్చింది కనుక ఆక్యుపెన్సీ రేషియో గురించి, అంటే బస్సు సీట్లలో ఎంత శాతం నిండాయన్న లెక్క గురించి చెప్పాలి. దినపత్రికలలో ఓఆర్ అని రాస్తుంటారు. దీన్ని ఫ్యాక్ట్ టేబుల్‌లో శాతంగా దాచి, రిపోర్టులో సగటు తీసేవారు చాలామంది ఉన్నారు. అది ఎందుకు తప్పో చూడండి. 50 సీట్ల బస్సు 20 కిలోమీటర్ల ట్రిప్పులో పూర్తిగా నిండింది, అంటే 1,000 సీటు కిలోమీటర్లకు (సీట్లను దూరంతో గుణిస్తే వచ్చేది) 1,000 నిండాయి. మరో 50 సీట్ల బస్సు 140 కిలోమీటర్లు సగం ఖాళీగా వెళ్లింది, అంటే 7,000కు 3,500 నిండాయి. 100నూ 50నీ సగటు తీస్తే 75 శాతం అంటారు. నిజానికి 8,000కు 4,500 నిండాయి, అంటే 56.25 శాతం. శాతాలు కూడికకు లొంగవు. అందుకే పైసంఖ్యనూ కింది సంఖ్యనూ విడివిడిగా దాచి, భాగాహారం రిపోర్టులో చేయాలి.

మరి ఆ సీటు కిలోమీటర్లు ఏ టేబుల్‌లో ఉంటాయి? టికెట్ పద్దులో ఉంచితే, బస్సులో నలభై టికెట్లు తెగినప్పుడు బస్సు సామర్థ్యం నలభై రెట్లు అవుతుంది. అది ట్రిప్పుకు చెందిన కొలత, కనుక ట్రిప్పుకు ఒక వరుస ఉండే రెండో ఫ్యాక్ట్ టేబుల్ కావాలి. ఈ రెండు ఫ్యాక్ట్ టేబుళ్లను నేరుగా జాయిన్ చేయకూడదు, అంటే వరుసకు వరుస జతపరచకూడదు. టికెట్లను ముందు ట్రిప్పు స్థాయికి కూడి, ఆ తర్వాతే ట్రిప్పు వరుసతో కలపాలి. రెండింటికీ ట్రిప్పు, బస్సు, రూటు, తేదీ డైమెన్షన్లు ఉమ్మడిగా ఉండటం వల్లనే ఇది సాధ్యమవుతుంది.

[తెర మీద: ఉప్పల్, భువనగిరి, ఆలేరు, జనగామ, హనుమకొండ]

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అదే బస్సు, అదే రూటు. ఈసారి "జిల్లాల వారీగా ఆదాయం చూపండి" అని అడిగారు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ముందురోజు వరకు భువనగిరి, ఆలేరు నల్లగొండ జిల్లాలో ఉన్నాయి, ఆ రోజు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చాయి. జనగామ వరంగల్ జిల్లా నుంచి విడిపోయి తానే జిల్లా అయింది. హనుమకొండ కథ ఇంకా పెద్దది: మొదట వరంగల్ జిల్లా, 2016లో వరంగల్ అర్బన్, 2021 ఆగస్టులో హనుమకొండ జిల్లా. అదే సమయంలో వరంగల్ రూరల్ పేరును వరంగల్ అని మార్చారు. అంటే 2015 నాటి "వరంగల్ జిల్లా", నేటి "వరంగల్ జిల్లా" ఒకే పేరుతో ఉన్న రెండు వేర్వేరు ప్రాంతాలు. జిల్లా పేరునే కీగా, అంటే గుర్తింపు కాలమ్‌గా వాడిన డిజైన్ ఇక్కడ మౌనంగా తప్పు చెబుతుంది, ఎర్రర్ కూడా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి కనుక ఇది ఒక రాష్ట్రానికే పరిమితమైన చిక్కు కాదు.

టైప్ 2 అంటే పాత వరుసను చెరపకుండా కొత్త వరుస చేర్చడమని అందరూ చెబుతారు. దాన్ని హనుమకొండ స్టేజికి వర్తింపజేసి చూపండి. స్టేజి డైమెన్షన్‌లో మూడు వరుసలు ఉంటాయి, ప్రతిదానికీ వేర్వేరు సరోగేట్ కీ (వేర్‌హౌస్ తానే ఇచ్చే గుర్తింపు సంఖ్య), అమలులోకి వచ్చిన తేదీ, ముగిసిన తేదీ. స్టేజి కోడ్ మాత్రం మూడింటికీ ఒకటే. టికెట్ లోడ్ అయ్యేటప్పుడు ఆ టికెట్ తేదీకి ఏ వరుస అమలులో ఉందో చూసి, దాని సరోగేట్ కీని ఫ్యాక్ట్‌లో రాయాలి. తొందరలో స్టేజి కోడ్‌తో జాయిన్ చేస్తే హనుమకొండలో దిగిన ప్రతి టికెట్ పద్దు మూడు వరుసలై, మన 250 మళ్లీ 750 అవుతుంది. చూశారా, తిరిగి తిరిగి గ్రెయిన్ దగ్గరికే వచ్చాం.

ఇక్కడ ఇంటర్వ్యూ చేసేవారిని మీరు ఒక ప్రశ్న అడగాలి: "2015 ఆదాయం ఆనాటి జిల్లాల ప్రకారం కావాలా, నేటి జిల్లాల ప్రకారం కావాలా?" ఆనాటివైతే టైప్ 2 చాలు. నేటి హనుమకొండ జిల్లా పరిధికి పదేళ్ల ఆదాయం కావాలంటే, మూడు వరుసలలోనూ ప్రస్తుత జిల్లా అనే కాలమ్ ఒకటి పెట్టి, జిల్లా మారినప్పుడల్లా అన్నింటిలోనూ దాన్ని సరిదిద్దాలి. అడగకుండా ఏదో ఒకటి ఊహించుకున్న అభ్యర్థి కంటే అడిగిన అభ్యర్థికే నేను ఎప్పుడూ ఎక్కువ మార్కులు వేస్తాను.

సమయం మించిపోతోంది కనుక మిగిలినవి వేగంగా చెబుతాను. ఎక్కిన స్టేజి, దిగిన స్టేజి రెండింటికీ ఒకే స్టేజి డైమెన్షన్ వాడాలి, ఫ్యాక్ట్‌లో రెండు కీలు ఉంటాయి. తేదీ డైమెన్షన్‌లో పండుగలు తప్పనిసరిగా ఉండాలి. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది, కనుక ఆ నెలను 2023 ఫిబ్రవరితో పోల్చిన రిపోర్టు ఎవరినైనా తప్పుదారి పట్టిస్తుంది.

ఆలస్యంగా వచ్చే డేటా గురించి కూడా అడుగుతారు. రాత్రి 11.40కి తెగిన టికెట్ వివరాలు బస్సు డిపోకు చేరాక తెల్లవారుజామున అందాయనుకోండి. టికెట్ ఇచ్చిన సమయం, లోడ్ అయిన సమయం రెండూ ఉంచండి, పార్టిషన్, అంటే టేబుల్‌ను భాగాలుగా విడదీయడం, మాత్రం టికెట్ ఇచ్చిన తేదీ మీద చేయండి. యంత్రం నంబరు, టికెట్ ఇచ్చిన తేదీ, టికెట్ నంబరు, ప్రయాణికుల రకం కలిపి ఒక కీగా పెట్టి మెర్జ్ చేస్తే, అంటే ఉన్న వరుసను సరిదిద్ది లేనిదాన్ని మాత్రమే చేరిస్తే, అదే ఫైలు రెండోసారి నడిచినా పద్దు రెండుసార్లు పడదు. డైమెన్షన్‌లో ఇంకా చేరని కొత్త స్టేజి కోడ్ వస్తే ఆ టికెట్‌ను పారేయకండి, ఆ కోడ్‌తో వివరాలు లేని వరుస ఒకటి చేర్చి ఉంచండి, వివరాలు వచ్చాక నింపవచ్చు.

చివరిగా ఒకటి మీకే వదిలేస్తున్నాను. నెల పాస్ ఉన్న కాలేజీ విద్యార్థి ఆలేరులో బస్సు ఎక్కి జనగామలో దిగాడు. కండక్టర్ పాస్ చూశాడు, టికెట్ ఇవ్వలేదు. సీటు నిండింది కానీ మన టేబుల్‌లో వరుస లేదు. పాస్ అమ్మిన సొమ్ము మాత్రం నెల మొదట్లోనే వచ్చింది. ఈ పాస్ అమ్మకం ఏ ఫ్యాక్ట్ టేబుల్‌లో ఉండాలి, అందులో ఒక వరుస అంటే ఏమిటి? మీ జవాబును ఒక్క వాక్యంలో కామెంట్‌లో రాయండి.