ఫోన్-ఇన్: సైకియాట్రీ చదివితే ఊళ్లో పనేముంటుంది?

యాంకర్: ...డాక్టరుగారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ నారాయణఖేడ్ నుంచి. హలో, చెప్పండి.

కాలర్: హలో... హలో మేడం, వినవడుతుందా?

యాంకర్: వినిపిస్తోందండీ. టీవీ సౌండు తగ్గించండి.

కాలర్: తగ్గించిన. నమస్తే సార్. మా పిలగాడు ఎంబీబీఎస్ అయిపోయిండు. కౌన్సెలింగుల ఎండీ సైకియాట్రీ వచ్చింది. రేడియాలజీ అనుకున్నం, ర్యాంకు అందలే. వాళ్లమ్మ రెండు దినాలసంది సరిగ తింటలేదు. పిచ్చి దవాఖాన డాక్టరంటే పిల్లనెవరిస్తరని. నేను ఆర్టీసీల చేసిన సార్. ఎర్రగడ్డకు టికెట్ అడుగుతే బస్సుల జనం నవ్వేది. నాకు గంతే తెలుసు.

డాక్టర్: అబ్బాయి చేరాడా?

కాలర్: చేరిండు. వానికి ఇష్టమే. మాకే...

డాక్టర్: ఇంకేం మరి. ఎండీ 3 ఏళ్లు. అందులో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో చేయాలి, డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అని ఇప్పుడు పెట్టారు. మా రోజుల్లో అది లేదు, పట్టా చేతికొచ్చేదాకా నేను పీహెచ్‌సీ మొహం చూళ్లేదు. మీది పాత మెదక్ జిల్లా కదూ? 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశం మొత్తమ్మీద 4 జిల్లాల్లో మొదలైతే అందులో మెదక్ ఒకటి.

కాలర్: గట్లనా! మాకెవ్వరు చెప్పలే. అయితే మళ్ల రేడియాలజీకి రాయమనాల్నా?

డాక్టర్: అది అబ్బాయిని అడగండి. పని ఎలా ఉంటుందో నేను చెప్తా. ఒక మండలంలో సోమవారం ఓపీ పెట్టాను. నలుగురొచ్చారు. అక్కడి నర్సమ్మ అంది, "సార్, అంగడి గురువారం. ఆ దినమైతే ఎట్లైనా ఆటో ఎక్కుతరు". మార్చాం. ఉల్లిగడ్డల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంజెక్షన్ చేయించుకునేవాళ్లు. రానివాళ్ల పేరు చుట్టూ రిజిస్టర్లో ఎర్రపెన్నుతో సున్నా చుట్టేది ఆవిడ. శనివారంలోపు ఆశా వర్కరు వాళ్ల గుమ్మంలో ఉండాలి. నెల మందు తప్పితే ఏడాది కష్టం పోతుందండీ. ఆ సున్నా చుట్టడం నాకు ఏ ప్రొఫెసరూ నేర్పలేదు. డాక్టరొక్కడే వెళ్తే అది క్యాంపు. టీం ఉంటేనే ప్రోగ్రాం.

యాంకర్: థాంక్యూ అండీ, నెక్స్ట్...

కాలర్: ఒక్క నిమిషం మేడం. సార్, పెండ్లి సంగతి?

డాక్టర్: (నవ్వుతూ) నాకైతే అయింది లెండి. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది, ఖాళీగా కూర్చోడు. అబ్బాయికి ఒకటి మాత్రం చెప్పండి. జిల్లా ప్రోగ్రాంలో చాలాచోట్ల కాంట్రాక్టు పోస్టులే. అందుకే కొందరు కొన్నాళ్లు చేసి ప్రైవేటుకి పోతారు. తప్పనను.

కాలర్: అంటే రేడియాలజీ వద్దంటరు.

డాక్టర్: నేనా మాట అన్లేదండీ!

యాంకర్: రాజమండ్రి నుంచి ఒకరున్నారు.

కాలర్: నమస్కారమండీ. బీఏ సైకాలజీ సెకండియరండి. ఎమ్మే చేసేస్తే సైకియాట్రిస్టు అయిపోవచ్చాండి?

డాక్టర్: కాలేవమ్మా. సైకాలజిస్టు వేరు, సైకియాట్రిస్టు వేరు. వారం వారం చెప్తూనే ఉన్నా! సైకియాట్రిస్టు అవ్వాలంటే ఎంబీబీఎస్, ఆపైన ఎండీనో, దానికి సమానమైన డీఎన్‌బీనో. నీ దారి క్లినికల్ సైకాలజీ. కోర్సుకి ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకుని చేరు. ఆన్‌లైన్లో ఆరువారాల సర్టిఫికెట్లకి డబ్బులు తగలెయ్యకు.

కాలర్: మరి సోషల్ వర్క్ చేస్తేనండీ...

డాక్టర్: అదీ మంచిదే. టీంలో సైకియాట్రిక్ సోషల్ వర్కరూ ఉంటారు.

యాంకర్: థాంక్యూ అమ్మా. విశాఖపట్నం, క్లుప్తంగా అడగండి.

కాలర్: సార్, నేను సైకియాట్రీ పీజీ, సెకండియర్. జిల్లా ఆసుపత్రిలో వేశారు. జనరల్ ఓపీ చూడమంటున్నారు. అక్కడ నేర్చుకునేదేముంది సార్?

డాక్టర్: నీ పేషెంట్లు అక్కడే ఉన్నారయ్యా. గుండెదడ, ఒళ్లునొప్పులు, నిద్ర లేదు అని వస్తారు. దిగులని ఎంతమంది చెప్తారు? అక్కడి మెడికల్ ఆఫీసరు పక్కన కూర్చో. నువ్వు వెళ్లిపోయాక వాళ్లని చూడాల్సింది ఆయనే. నీకొచ్చింది ఆయనకి నేర్పు, నర్సులకీ నేర్పు. ఎండీ అయ్యాక ఇదే పని చేయాలనిపిస్తే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో కమ్యూనిటీ మెంటల్ హెల్త్ ఫెలోషిప్ ఉంది. కానీ మళ్లీ చెప్తున్నా, డాక్టరొక్కడే...

కాలర్: వెళ్తే క్యాంపు సార్. ఇందాక విన్నాను.

యాంకర్: టైమైపోయిందండీ. ఎవరికైనా మనసు బాగోలేక మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416, ఉచితం. డాక్టరుగారూ, థాంక్యూ.