"టెన్షన్ పడకు" అనే మాటను ఈ రోజుతో మానేయండి

నమస్కారం. ఈ రోజు నేను ఒకే ఒక్క మాట మీద కోపంతో మీ ముందుకు వచ్చాను. ఆ మాటను మన అమ్మానాన్నలు అన్నారు, స్నేహితులు అన్నారు, ఆఫీసులో పైవాళ్ళు అన్నారు, నేనూ ఎందరికో చెప్పాను, అందరమూ మంచి మనసుతోనే చెప్పాము. ఆ మాట "టెన్షన్ పడకు". ఆందోళనతో ఊపిరాడక అల్లాడుతున్న మనిషికి ఇంతకంటే పనికిమాలిన సలహా మరొకటి ఉండదని, ఆ సలహా వల్ల ఆందోళన పెరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకు నమ్ముతున్నానో ఈ వీడియోలో వివరంగా చెబుతాను.

మన ఇళ్ళల్లో నలుగుతున్న తగవు మీకు తెలిసినదే. "మా కాలంలో ఈ యాంగ్జయిటీలు లేవు, సెల్‌ఫోన్ చేతికొచ్చాక పుట్టిన సోకులివి" అని పెద్దలంటారు. "మీకు చెప్పినా అర్థం కాదు" అని పిల్లలు గది తలుపు వేసుకుంటారు. పెద్దలను నేను ఒకటే అడుగుతున్నాను. మీ కాలంలో ఆందోళన లేకపోతే, మన భాషలో ఇన్ని నుడికారాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ముచ్చెమటలు పట్టడం, గుండె గుభేలుమనడం, గుండెల్లో రాయి పడడం, నోట తడి ఆరిపోవడం, కాళ్ళూ చేతులూ ఆడకపోవడం, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లు ఉండడం, పై ప్రాణాలు పైనే పోవడం. ఇవి సెల్‌ఫోన్ పట్టుకున్న పిల్లలు కల్పించిన మాటలా? హైదరాబాద్‌కు రైలు 1874లో వచ్చింది. ఆ రైలును చూసిన తరాలలో ఎవరో ఒకరు తన ఛాతీలో జరిగేది సరిగ్గా ఇలాగే ఉందని గుర్తుపట్టి ఉండకపోతే, "గుండెల్లో రైళ్ళు పరిగెత్తడం" అనే మాట మన నోళ్ళలో ఇంతగా నిలిచేది కాదు.

ఆ నుడికారాలను మరొకసారి వరుసగా చూడండి. చెమట, గుండె, నోరు, కాళ్ళు, చేతులు, కడుపు, ఊపిరి. అన్నీ ఒంటికి సంబంధించినవే. ఆందోళన ఎక్కడ మొదలవుతుందో మన భాషకు ముందే తెలుసు. మనం మాత్రం దాన్ని బుద్ధితో సరిచేయాలని చూస్తాము, "ఆలోచించకు", "ధైర్యంగా ఉండు", "పాజిటివ్‌గా ఉండు" అని తలకాయకు చెబుతాము. ఇల్లు వెనక వైపు అంటుకుంటే ముందు వాకిట్లో నీళ్ళు చల్లినట్లుంది మన వ్యవహారం.

నాకు జరిగినది చెబుతాను. ఒక సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో నాంపల్లిలో మెట్రో ఎక్కి కూకట్‌పల్లికి వెళుతున్నాను. అమీర్‌పేట్‌లో జనం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు, తలుపులు మూసుకున్నాయి, నా గుండె ఉన్నట్టుండి గొంతులో కొట్టుకోవడం మొదలైంది. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్లయింది, నేను ఇక్కడే చచ్చిపోతున్నాను అనే ఒక్క ఆలోచన తప్ప తలలో ఏదీ మిగలలేదు. పక్కన నిలబడిన కుర్రాడు గమనించి, పాపం, "టెన్షన్ పడకండి మేడమ్, ఏం కాదు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు కలిగిన మొదటి భావం సిగ్గు. నలుగురిలో నేను టెన్షన్ పడుతున్నానని అందరికీ తెలిసిపోయింది, ఆపమంటున్నారు, నేను ఆపలేకపోతున్నాను. అంతకుముందు నా మీద ఒక్క భయమే ఉంది, ఆ మాటతో సిగ్గు కూడా వచ్చి కూర్చుంది.

అప్పుడు సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ నా మణికట్టు పట్టుకుని తన పక్కన చోటు చేసి కూర్చోబెట్టింది. ఒళ్ళో ఉన్న సంచిలోంచి కొత్తిమీర కట్ట తీసి నా చేతిలో పెట్టింది. అది ఇంకా తడిగా ఉంది, చల్లటి నీళ్ళు నా అరచేతిలోంచి మోచేతి దాకా కారాయి, వేళ్ళకు మట్టి అంటింది, ఆ వాసన ముక్కుకు తగిలింది. "బిడ్డా, ఊపిరి బయటికి ఇడువు. మెల్లగ ఇడువు. నేనిక్కడ్నే ఉన్న" అంది. మూడు స్టేషన్ల దాకా ఆవిడ అన్నవి ఆ మూడు ముక్కలే. ఎర్రగడ్డలో దిగే ముందు ఆ కట్టను నా దగ్గరే ఉంచుకొమ్మని చెప్పి వెళ్ళిపోయింది. అప్పటికి దడ పూర్తిగా తగ్గలేదు, కానీ నేను చచ్చిపోవడం లేదని మాత్రం నాకు తెలిసింది.

ఆవిడ ఏ పుస్తకం చదివి ఆ పని చేయలేదు, కానీ చేసినదంతా శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. వాల్టర్ కేనన్ అనే అమెరికా శరీరశాస్త్రవేత్త 1915 నాటికే ఈ స్థితిని వివరించాడు. ప్రమాదం ఉందని అనిపించగానే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తం కాళ్ళూ చేతుల కండరాలకు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, నోరు ఎండిపోతుంది. పులి ఎదురైతే తన్నడానికో పారిపోవడానికో ఒళ్ళు చేసుకునే ఏర్పాటు ఇది. మెట్రో పెట్టెలో పులి లేకపోయినా ఏర్పాటు అంతా జరిగిపోతుంది. ఒళ్ళు ఇంత హడావిడిలో ఉన్నప్పుడు "ఆలోచించకు" అంటే అది ఎవరికి వినబడుతుంది?

వినబడినా పని జరగదు. వైద్యుడు మందు ఇచ్చి, తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోవద్దని చెప్పిన కథ మనందరికీ తెలుసు. రోగి ఎన్నిసార్లు గిన్నె ఎత్తినా కోతే కనబడింది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికాలో విద్యార్థుల మీద ఇదే పరీక్ష చేశారు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకొస్తే గంట కొట్టమని చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత తలచుకోవచ్చని అనుమతి ఇస్తే, మొదటి నుంచీ అనుమతి ఉన్నవాళ్ళ కంటే వీళ్ళే దాన్ని ఎక్కువగా తలచుకున్నారు. "టెన్షన్ పడకు" అనే మాటలో ఉన్న కోతి టెన్షనే.

ఇక ఊపిరి సంగతి. "గట్టిగా ఊపిరి పీల్చు" అని మనమంతా చెబుతాము, అది తిరగబడిన సలహా. ఆందోళనలో ఉన్న మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తున్నాడు, దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరి చూసి భయం ఇంకా పెరుగుతుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె కొద్దిగా వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు వేగస్ అనే నాడి పనిచేసి నెమ్మదిస్తుంది. అందుచేత వదలడమే ముఖ్యం, ఆ పెద్దావిడ చెప్పినట్లు మెల్లగా వదలడం ముఖ్యం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజుల పాటు వేర్వేరు పద్ధతుల్లో సాధన చేయించారు. ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదనే ఇంకొంచెం పీల్చి, నోటితో దీర్ఘంగా వదిలే పద్ధతి పాటించినవాళ్ళ మనస్థితి, ధ్యానం చేసినవాళ్ళ కంటే ఎక్కువగా మెరుగుపడింది. దీన్ని రోజూ మామూలుగా ఉన్నప్పుడే సాధన చేయాలి, ఎందుకంటే ఈత నేర్చుకోవడం వరద వచ్చిన రోజున కుదరదు.

కొత్తిమీర కట్ట చేసిన పని కూడా చిన్నది కాదు. భయం ముంచుకొస్తున్న మనిషికి చుట్టూ ఉన్నవాటిలో కంటికి కనబడేవి ఐదు, తాకగలిగేవి నాలుగు, వినబడేవి మూడు, వాసన తగిలేవి రెండు, రుచి తెలిసేది ఒకటి చెప్పించడం మానసిక చికిత్సకులు వాడే పద్ధతే. లెక్క తప్పినా నష్టం లేదు, తడీ చల్లదనమూ వాసనా ఏదో ఒకటి ఒంటిని ఈ క్షణంలోకి తెస్తే చాలు. చన్నీళ్ళతో ముఖం తడిపినా గుండె వేగం తగ్గుతుంది, అయితే గుండె జబ్బు ఉన్నవాళ్ళు మంచు నీళ్ళ జోలికి వెళ్ళకూడదు.

ఇక్కడ చాయ్ గురించి చెప్పకపోతే హైదరాబాదీగా నేను తప్పు చేసినట్లే. మనసు బాగాలేదని ఇరానీ చాయ్ తాగడానికి వెళ్ళే నగరం మనది, నాకూ ఆ అలవాటు ఉంది. చాయ్‌లో ఉండే కెఫీన్ అనే ఉత్తేజకం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది, కాబట్టి సాయంత్రం 6 గంటలకు తాగిన చాయ్ రాత్రి 11 గంటలకు కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. రాత్రి గుండె దడతో లేచి కూర్చునేవాళ్ళు మందుల కంటే ముందు రోజుకు ఎన్ని కప్పులు తాగుతున్నారో లెక్కపెట్టుకోవాలని నా మనవి.

మందుల మాట వచ్చింది కాబట్టి, నన్ను అన్నిటికంటే భయపెట్టేది చెబుతాను. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం అనే, ఆందోళన తగ్గించడానికి వాడే మత్తు మందును కలుపుతారని తెలంగాణలో తెలియనివారు లేరు. ఆ కల్లు దొరకని రోజున చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి ఆసుపత్రికి చేరిన మనుషుల గురించి ఎన్నోసార్లు చదివాము, అయ్యో అనుకున్నాము. అదే ఆల్ప్రాజోలం, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మాత్ర, "టెన్షన్ గోళీ" అనే పేరుతో చదువుకున్నవాళ్ళ సంచుల్లోనూ తిరుగుతోంది. డాక్టరు కొద్ది రోజులకు రాసిస్తే అది మందే. స్నేహితుడు ఇచ్చాడని నెలల తరబడి మింగితే, ఒక్కసారిగా ఆపితే, కల్లు దుకాణం దగ్గర వణికిన మనిషికీ ఏసీ గదిలో కూర్చున్న మనిషికీ ఒళ్ళు ఒకటే తీర్పు ఇస్తుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపకండి, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి? మొదటిసారి ఛాతీ పట్టేసి ఊపిరాడకపోతే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, అది ఆందోళనే అని మీరే తేల్చుకోకండి, 108కి ఫోన్ చేయండి. నేను కూడా ముందు ఈసీజీ తీయించుకున్నాను, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకున్నాను, అవన్నీ బాగున్నాయని తెలిశాకే మానసిక వైద్యుల దగ్గరకు వెళ్ళాను. వెళ్ళడానికి నాకు పట్టిన ఆలస్యానికి కారణం ఒక చోటు పేరు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, ఎన్నో వేలమందికి అది ఆసరా, మనం మాత్రం "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అని ఆ పేరును తిట్టుగా వాడుకుంటున్నాము. వైద్యం దొరికే చోటును తిట్టుగా మార్చుకున్న నగరంలో మనుషులు వైద్యానికి ఎలా వెళతారు? 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు, ఉంటే అంకె మెరుగ్గా ఉండేదని నేను అనుకోను. ఆసుపత్రి గడప తొక్కడానికి జంకేవాళ్ళ కోసం 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవను ప్రారంభించింది. నంబరు 14416. డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడవచ్చు, అర్ధరాత్రి అయినా మాట్లాడవచ్చు. బతకాలని లేదనే ఆలోచన వస్తుంటే ఈ వీడియో ఇక్కడే ఆపి ఆ నంబరుకు ఫోన్ చేయండి.

చివరిగా నేను చేసిన తప్పు. ఆ సాయంత్రం తర్వాత రెండు నెలలు మెట్రో ఎక్కలేదు, ఆటోల్లో తిరిగాను, సమస్య తీరిందని అనుకున్నాను. తర్వాత ఆటో ఫ్లైఓవర్ మీద ఆగినా దడ వచ్చేది. ఆ తర్వాత లిఫ్టులోనూ వచ్చేది. తప్పించుకున్న ప్రతిసారీ ఒంటికి నేను నేర్పిన పాఠం ఒకటే, అక్కడ నిజంగా పులి ఉందని. వైద్యురాలు నా చేత ఒక కాగితం మీద మెట్లు రాయించారు. మొదటి వారం నాంపల్లి స్టేషన్ ప్లాట్‌ఫాం మీద పది నిమిషాలు నిలబడి తిరిగి వచ్చాను. రెండో వారం మధ్యాహ్నం, జనం లేనప్పుడు, అసెంబ్లీ స్టేషన్ దాకా ఒక్క స్టాపు వెళ్ళాను. మూడో వారం ఖైరతాబాద్ దాకా వెళ్ళాను, మధ్యలో దిగిపోవాలనిపించినా దడ దానంతట అది తగ్గే దాకా పెట్టెలోనే ఉన్నాను. ఐదో వారంలో సాయంత్రం ఆరున్నరకు, అదే రద్దీలో, సంచిలో కొత్తిమీర కట్ట పెట్టుకుని ఎక్కాను. అమీర్‌పేట్‌లో తలుపులు మూసుకోగానే గుండె గొంతులోకి వచ్చింది. కట్టను తీసి పట్టుకున్నాను, ఊపిరి వదులుతూ కూర్చున్నాను. ఎర్రగడ్డ స్టేషన్ వచ్చేసరికి తలెత్తి, ఎక్కేవాళ్ళ ముఖాల్లో ఆవిడ కోసం వెతుకుతున్నాను.