ఆవిణ్ణే అడగండి

అందరికీ నమస్కారం. ఎండలో బ్రాడీపేట దాకా నడిచొచ్చినవాళ్లు ముందు కాసిని మంచినీళ్లు తాగండి, నేనేం పెద్ద ఉపన్యాసం ఇవ్వబోవట్లేదు.

మొన్నామధ్య మా అమ్మని కళ్ల డాక్టరుకి చూపించా. ఆవిడకి 78. కుర్చీలో కూర్చుంది ఆవిడ, కన్ను ఆవిడది, ఆయనేమో నావైపు తిరిగి "ఎన్నాళ్ల నుంచి మసగ్గా ఉందంట?" అన్నాడు, నేనూ ఠక్కున "రెండు నెలలండీ" అనేశా. అమ్మ మెల్లగా "ఆర్నెల్లు అయిందిరా, నీకు చెప్పలా" అంది. నాన్న పోయాక మిర్చి యార్డులో టిక్కీల, అదే బస్తాల పక్కనే నిలబడి, తూకంలో కిలో తేడా వచ్చినా కాంటా మళ్లీ పెట్టించిన మనిషండీ ఆవిడ. ఆవిడ కంటి సంగతి నేను చెప్తున్నా!

వయసు చూసి మనిషిని ఇలా పక్కన పెట్టేయడానికి ఏజిజం అని 1969లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా డాక్టరు పేరు పెట్టాడు. పేరు సంగతి వదిలేయండి, మనింట్లో రోజూ జరిగేదే.

పెద్దవాళ్ల పోషణకి చట్టం లేదా అంటే ఉంది, 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్లో అర్జీ పెట్టుకోవచ్చు, చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకోవచ్చు. అందుకే గిఫ్ట్ డీడ్ రాయించేటప్పుడు ఆ షరతు కాగితంలో ఉందో లేదో చూసుకోండి, మొహమాటపడకండి. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567. కానీ డాక్టరు ముందు నేను చేసిన పనికి ఏ సెక్షనూ లేదు కదా.

పెద్దాళ్లకే కాదండోయ్. మా బావగారు మా అమ్మాయిని "ఇంటర్లో ఏం తీసుకుంటావమ్మా?" అంటే "ఎంపీసీ" అన్నది నేను! అది ఫోన్లోంచి తల కూడా ఎత్తలా. ఆ రాత్రి నాయనమ్మ కళ్లల్లో చుక్కలు వేస్తూ తనకి కామర్స్ ఇష్టమని చెప్పిందంట, నాకు తెలిసింది వారం తర్వాత, అదీ అమ్మ చెప్తే.

రెండోసారి డాక్టరు దగ్గరికెళ్తే మళ్లీ నన్నే అడిగాడు. "ఆవిణ్ణే అడగండి సార్" అన్నా. స్టూలు అటు జరుపుకున్నాడు. అమ్మ కిందటేడు మిరప కోతల దగ్గర్నుంచి మొదలెట్టింది, పావుగంట పట్టింది, బయట లైన్లో వాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీండి.